నెత్తి మీద బిందెకు అనుమతి

మనిషి శరీరం మనిషి సొంతమన్న అపోహ మన నగరంలో చాలాకాలం చలామణీలో ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు నడిచేవారు, వంగేవారు, మూటలెత్తేవారు. ఆయాసమొస్తే ఎవరి గడప మీదో కూర్చుని నీళ్లడిగి తాగేవారు. లాల్‌దర్వాజాలో వజ్రకాయ ఫిట్‌నెస్ సెంటర్ వెలసిన రోజుతో ఈ అరాచకానికి తెరపడింది. అక్కడ చేరిన సభ్యులెవరూ సెంటర్‌కు తెలియకుండా చెమట పట్టించుకోవడానికి ఇప్పుడు వీల్లేదు.

సెంటర్ పై అంతస్తులో ఉంటుంది. కింది అంతస్తు గుండయ్య సేటు గోదాము. బేగంబజార్‌లో ఆయనకు స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. కొడుకు నిఖిలేష్ పుణెలో మేనేజ్‌మెంట్ చదివి వచ్చి, దుకాణంలో కూర్చోనని పైఅంతస్తు అడిగాడు. సేటు ఇచ్చేశాడు. (ఆయన దృష్టిలో రెండూ ఇనుము వ్యాపారమే.) నిఖిలేష్ తనను తాను చీఫ్ వెల్‌నెస్ ఆఫీసర్‌గా నియమించుకుని, ఆ నియామకాన్ని తానే ఆమోదించి, 'కాయసిద్ధి' అనే యాప్‌ను ప్రవేశపెట్టాడు.

కాయసిద్ధి మూలసూత్రం సులువైనది. యాప్‌లో ఉన్నదే వ్యాయామం, లేనిది వట్టి కదలిక. ఒకసారి కరెంటు పోయి యాప్ ఆగిపోయినప్పుడు, పొద్దుటి బ్యాచ్ అప్పటిదాకా చేసిన కసరత్తు జరగనేలేదని తేల్చి, అందరితో మొదటినుంచి చేయించారు. ఇద్దరు చేయలేక సభ్యత్వం మానుకున్నారు. (యాప్‌లో మానుకునే సదుపాయం లేనందువల్ల వాళ్లిద్దరూ అందులో ఇప్పటికీ క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తూనే ఉన్నారు.)

ఇంత పకడ్బందీగా సాగుతున్న వ్యవస్థలోకి మాణిక్యమ్మ ఒక బిందెతో ప్రవేశించింది.

మాణిక్యమ్మ మహంకాళి గుడి వెనక గల్లీలో జాకెట్లు కుడుతుంది. వయసు యాభై దాటింది. కుట్టుమిషను మీద ఆమె కాళ్లు పొద్దస్తమానం నడుస్తూనే ఉంటాయి, ఆమె మాత్రం ఎక్కడికీ పోదు. భర్త కృష్ణయ్య కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగా ఒకసారి స్తంభం మీదినుంచి పడి చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బతికి ఇంటికొస్తే ఏటా ఆషాఢంలో అమ్మవారికి నైవేద్యంగా బోనం కుండ తన నెత్తి మీదే తీసుకొస్తానని అప్పుడు మాణిక్యమ్మ మొక్కుకుంది. ఆయన కాస్త కుంటుతూనే ఇంటికొచ్చాడు. ఆమె ఏటా మాట నిలబెట్టుకుంది.

నిరుడు మాత్రం గుడి ఇంకా ఒక మలుపు దూరం ఉందనగా కళ్లు తిరిగాయి. వెనక నడుస్తున్న తోటికోడలు నీలమ్మ చటుక్కున అందుకుని, బోనం తన నెత్తి మీద పెట్టుకుని గుడిదాకా తీసుకుపోయింది. అది నిజంగా మంచి పనే. కాని ఆ మంచి పనిని నీలమ్మ ఏడాది పొడవునా పెళ్లిళ్లలో, బారసాలల్లో, చివరికి ఎవరిదో పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా పప్పు వడ్డిస్తూ చెప్పింది. "నేను లేకుంటె అమ్మ బోనం నేల పాలైతుండె. అక్కకు ఇంక చాతకాదు, పాపం." ఆ చివరి 'పాపం' దగ్గర మాణిక్యమ్మకు అన్నం దిగేది కాదు.

డాక్టరు పరీక్షించి, గుండె బాగానే ఉందని, దమ్మే లేదని, రోజూ నడవమని చెప్పాడు. ఆ గల్లీల్లో నడవాలంటే ముందు స్కూటర్లు ఒప్పుకోవాలి. అందుకని ఆమె వజ్రకాయలో పొద్దుటి ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరింది. ట్రెడ్‌మిల్ ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఎంత నడిచినా ఎక్కడికీ చేరకపోవడం ఆమెకు వృత్తిరీత్యా అలవాటే. ఉగాది దాటేసరికి ఆయాసం తగ్గింది. ఎండలు ముదిరేసరికి పక్క మిషన్ మీద వాళ్లతో మాట్లాడుతూ నడవసాగింది. ఇక అసలు సంగతి చూడాలనుకుని ఒక పొద్దున ట్రైనర్ వివేక్‌ను పిలిచింది.

"తమ్మీ, ఈ మిషన్ జర ముందల ఎత్తు పెట్టు. రేపటిసంది నెత్తి మీద బిందె పెట్టుకొని నడుస్త."

వివేక్ చుట్టూ చూశాడు. "బిందెనా ఆంటీ?"

"బిందెనే. నీళ్ల బిందె. ఉత్తగ నడుసుడైతే వచ్చింది. బరువుతోని నడుసుడు రావాలె గద. బోనాలు దగ్గరికొస్తున్నయ్."

"మస్తు ఎక్సర్‌సైజ్ ఆంటీ అది. మెడ, నడుము, కాళ్లు అన్నీ ఒక్కసారే పనిజేస్తయ్." అతని ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది. "కాని యాప్‌ల లేదు."

యాప్‌లో లేనిదాన్ని యాప్‌లోకి తేవడానికి ఒక మార్గం ఉంది. దాని పేరు 'సవాలుతో కూడిన నూతన వ్యాయామ చేర్పు వినతి'. వివేక్ ఫోన్ తీసి అక్కడే నింపడం మొదలుపెట్టాడు. వ్యాయామం ఏ అవయవానికి అన్నది మొదటి ప్రశ్న. ఛాతీ, వీపు, చేతులు, పొట్ట, కాళ్లు అని ఉన్నాయి.

"నెత్తి లేదు ఆంటీ."

"ఎవ్వలకు?"

"యాప్‌ల."

(ఇన్నాళ్లలో ఏ సభ్యుడూ తల వాడినట్టు సెంటర్ దృష్టికి రాలేదు.) వివేక్ ఆలోచించి 'వీపు, బాగా పైభాగం' అని రాశాడు. తర్వాతి ప్రశ్న, ఎందుకోసం? బరువు తగ్గడానికి, బరువు పెరగడానికి, ఫొటోలకు, త్వరలో పెళ్లి ఉన్నందుకు, ఇతరములు. ఇతరములు నొక్కితే ఆధారపత్రం జతచేయమంది. అమ్మవారికి మొక్కిన మొక్కుకు ఆధారపత్రం ఏ కార్యాలయంలో ఇస్తారో వివేక్‌కు తెలియలేదు. అందుకని, ఏ పత్రమూ అడగని 'త్వరలో పెళ్లి' నొక్కాడు.

యాప్‌లో ఉన్నది కృష్ణయ్య ఫోన్ నంబరు. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని మెసేజ్ చదువుకున్నాడు. త్వరలో పెళ్లి చేసుకోబోతున్న మాణిక్యమ్మ గారికి వజ్రకాయ కుటుంబం శుభాకాంక్షలు. ఆయన రెండుసార్లు చదివి లోపలికి వచ్చాడు.

"ఎవనితోని?" అని అడిగాడు.

"నీతోనే. నాకింకెవడొస్తడు?" అని ఆమె జాకెట్‌కు కాజాలు కుడుతూ అంది.

వినతి మూడో వారంలో నిఖిలేష్ ముందుకు వచ్చింది. ఆయన దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మాణిక్యమ్మను తన గాజు గదిలో కూర్చోబెట్టి, తెల్లబోర్డు మీద బిందె బొమ్మ గీశాడు.

"చూడండి ఆంటీ. బిందెలో నీళ్లుంటే అది లిక్విడ్. కార్డియో ఫ్లోర్ మీద బాటిల్‌లో తప్ప లిక్విడ్ అలౌడ్ కాదు. ఖాళీగా ఉంటే బరువుండదు. బరువు లేకపోతే ఛాలెంజ్ ఉండదు. ఛాలెంజ్ లేకపోతే ఈ కేటగిరీలో అప్లై చేయలేరు."

"ఇసుక పోసుకుంట."

"ఇసుక కన్‌స్ట్రక్షన్ మెటీరియల్."

"బియ్యం?"

"ఫుడ్ ఐటమ్."

మాణిక్యమ్మ కాసేపు బోర్డు మీది బిందెను చూసింది. "సరే బిడ్డా. ముందుగాల ఖాళీ బిందెతోనే నడుస్త. బరువు సంగతి తర్వాత జూద్దాం. రేపు మా ఇంట్ల బిందె తెచ్చుకుంట."

"బయటి ఎక్విప్‌మెంట్ అలౌడ్ కాదు."

"మరి కింద మీ బాపు గోదాముల అన్నీ బిందెలే గద. ఒక్కటియ్యరాదు?"

నిఖిలేష్ జాలిగా నవ్వాడు. "ఆంటీ, అది వేరే ఎంటిటీ."

ఈ రెండు ఎంటిటీల మధ్య ఇరవై మెట్లుంటాయి. గొంతులు పెరగడం విని గుండయ్య సేటు ఆ మెట్లెక్కి, రొప్పుతూ గాజు గది తలుపు తీశాడు.

"ఏం లొల్లిరా పొద్దుగాల?"

"బిందె కావాలి డాడీ."

"ఎన్ని డజన్లు?"

హోల్‌సేల్ దుకాణంలో ఒక బిందె అనే వస్తువు ఉండదు. అందుకని సెంటర్ ఒక డజను కొన్నది. డజను బిందెలు కొన్నాక ఒక్క మాణిక్యమ్మ కోసం వాడడం పెట్టుబడిని అవమానించడమేనని నిఖిలేష్‌కు తోచింది. అలా 'పాట్‌వాక్ ప్రో' పుట్టింది. వారం తిరిగేసరికి గల్లీ మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. మన సంప్రదాయం, మన కార్డియో. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న అమ్మాయి విదేశీయురాలు. ఆమె నెత్తి మీద ఉన్నది పూలకుండీ.

భద్రత దృష్ట్యా కార్యక్రమాన్ని నాలుగు దశలుగా విభజించారు. మొదట థర్మాకోల్ బిందె, తర్వాత ప్లాస్టిక్ బిందె, తర్వాత ఖాళీ స్టీలు బిందె, చివరికి నిండు బిందె. ఒక దశలో పరీక్ష పాసైతేనే పై దశకు పోవాలి. పరీక్షించే అర్హత గలవారు నగరంలో దొరకనందున నిఖిలేష్ స్వయంగా ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి, శిరోభార పరీక్షకుడిగా పట్టా పొందాడు. పన్నెండు స్టీలు బిందెలను గాజు అల్మారాలో పెట్టి తాళం వేశారు.

మాణిక్యమ్మ ఏళ్ల తరబడి బోనం మోసిన నెత్తి మీద థర్మాకోల్ బిందె పెట్టుకుంది. అది ఉన్నట్టే అనిపించలేదు. కాసేపటికి నిజంగానే లేదు. ఫ్యాన్ గాలికి ఎగిరి పక్క మిషన్ కింద పడింది. నమోదులో 'సభ్యురాలికి నిలకడ తక్కువ' అని రాశారు. మర్నాడు ఫ్యాన్ ఆపించి మళ్లీ పరీక్ష పెట్టారు. ఆమె ముందుభాగం ఎత్తు పెట్టిన మిషన్ మీద మెడ నిటారుగా పెట్టి, రెండు చేతులతో పక్క కడ్డీలు పట్టుకుని చివరిదాకా నడిచింది. బిందె వెంట్రుకవాసి కదల్లేదు. వివేక్ చప్పట్లు కొట్టాడు.

నిఖిలేష్ ఫెయిల్ చేశాడు.

"నాలుగో నిబంధన ఆంటీ. కనీసం ఒక చేయి బిందె మీద ఉండాలి."

"మరి కడ్డీలెవరు పట్టుకుంటరు?"

"మీరే. యాభై దాటినవాళ్లు రెండు చేతులతో కడ్డీలు పట్టుకోవాలని రెండో నిబంధన."

"నాకు మూడో చెయ్యి ఏడికెల్లి తేవాలె బిడ్డా?"

"గుడ్ పాయింట్. ఫీడ్‌బ్యాక్‌లో రాయండి."

మళ్లీ పరీక్ష ఎప్పుడని అడిగింది. వచ్చే నెలాఖరున అన్నాడు. బోనాలు ఆ నెల మధ్యలోనే ఉన్నాయి. ఆమె మెట్లు దిగి, ఆఖరి మెట్టు మీద చెప్పులు తొడుక్కోబోయి అలాగే కూర్చుండిపోయింది. వివేక్ వెనకే దిగొచ్చాడు.

"ఆంటీ, నేను చెప్పి చూసిన. వినలే."

"నీదేమున్నది తమ్మీ. పో, నీ బ్యాచ్ జూసుకో."

ఈ లోపల నీలమ్మ కూడా పాట్‌వాక్ ప్రోలో చేరింది. ఆమెకు యాభై నిండలేదు కాబట్టి రెండో నిబంధన వర్తించదు. ఒక చేయి కడ్డీ మీద, ఒక చేయి బిందె మీద పెట్టి మొదటి రోజే పాసైంది. సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించి, మాణిక్యమ్మ ఇంటికొచ్చి చూపించి, టీ తాగి వెళ్లింది.

ఆ సాయంత్రం కృష్ణయ్య మెల్లగా అన్నాడు. "ఈ ఏడాదికి నువ్వు పూజ తట్ట పట్టుకో. బోనం నీలమ్మ ఎత్తుకుంటది. ఎవరెత్తుకుంటె ఏంది, అమ్మకు చేరాలె గద."

కుట్టుమిషను ఆగింది. "నువ్వు స్తంభం మీదికెల్లి పడ్డప్పుడు నీలమ్మ మొక్కలే. నేను మొక్కిన. ఆస్పత్రి వరండాల నిలబడి, నా నెత్తి మీదనే తెస్త అని మొక్కిన. తట్ట పట్టుకొస్త అని మొక్కలే."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. నల్లా తిప్పిన చప్పుడైంది. కొంతసేపటికి నీళ్లు నిండిన ఇత్తడి బిందెను రెండు చేతులతో పట్టుకుని, తొణికిన నీళ్లతో లుంగీ తడుపుకుంటూ వచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పా. గల్లీల నడుద్దాం."

"స్కూటర్లొస్తయ్."

"నేను లేనా?"

ఆ రోజు నుంచి తెల్లవారేసరికి గల్లీలో వాళ్లిద్దరూ కనిపించేవారు. చుట్టకుదురు మీద నిండు బిందెతో ఆమె, ఆమె ముందు కుంటుకుంటూ ఆయన. సర్వీసంతా స్తంభాల మీదినుంచి కిందివాళ్లకు అరిచిన గొంతు ఆయనది. "పక్కకు! పక్కకు జరుగు భాయ్! లైన్ మీద పని నడుస్తుంది!" అనేసరికి పాల స్కూటర్లు గోడకు అంటుకుపోయేవి. వివేక్ డ్యూటీకి పోయే ముందు అటుగా వచ్చి, "గదవ జర లేపుండ్రి ఆంటీ, ఊపిరి ఆపకుండ్రి" అని చెప్పిపోయేవాడు. మొదట్లో ఆమె గల్లీ చివరిదాకా పోలేకపోయింది. మధ్యలో ఎవరి అరుగు మీదో బిందె దించేది. ఆ ఇంటివాళ్లు టీ ఇచ్చేవారు. (ఇది ఏ యాప్‌లోనూ లేని సదుపాయం.) పోనుపోను అరుగులు దాటుతూ పోయింది. ఒక పొద్దున గల్లీ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, ఇంటిముందు నిలబడి కూడా బిందె దించడం మరిచిపోయి, పక్కింటావిడతో పాల ధర గురించి మాట్లాడింది.

ఆ రోజుల్లో కాయసిద్ధి నుంచి కృష్ణయ్యకు రోజూ మెసేజ్ వచ్చేది. మాణిక్యమ్మ గారూ, మీరు కదలడం లేదు. మీ పెళ్లి దగ్గరపడుతోంది.

బోనాల ఆదివారం వచ్చింది. గల్లీలన్నీ వేపమండలతో, మైకులతో, డప్పులతో నిండిపోయాయి. మాణిక్యమ్మ కొత్త చీర కట్టుకుని, పసుపు రాసిన కుండలో బోనం వండి, పైన దీపం వెలిగించి, అమ్మను తలచుకుని నెత్తికెత్తుకుంది. ముందు కృష్ణయ్య. వెనక నీలమ్మ. నీలమ్మ గల్లీ మొదట్లోనే రెండు చేతులూ పైకి లేపి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా నడవసాగింది.

జనం నడవనిస్తే నడవాలి, ఆగమంటే ఆగాలి. ఆగినప్పుడే బరువు తెలుస్తుంది. ఎండ నెత్తి మీది కుండకు తగిలి మెడలోకి దిగుతోంది. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి కుండ మీది చేయి తీయలేదు. నిరుటి మలుపు వచ్చేసరికి సరిగ్గా అక్కడే జనం ఆగిపోయారు. డప్పులు చెవి పక్కనే మోగుతున్నాయి. ఆమె కాళ్లు ఒక్కసారి వణికాయి. కృష్ణయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ముఖం తెల్లబోయింది.

ఆమె గడ్డం కొంచెం లేపింది. ఊపిరి లోపలికి తీసి వదిలింది. ముందున్నవాళ్లు కదిలారు. ఆమె కూడా కదిలింది.

మలుపు దాటాక, తల తిప్పకుండా అంది. "చేతులు దించు చెల్లె. నొస్తయ్."

నీలమ్మ చేతులు దించింది. నిజంగానే నొప్పి పుట్టి, ఒకదాంతో ఒకటి నొక్కుకుంది. గుడి ముందు బోనం దించినప్పుడు మాణిక్యమ్మ కళ్లలోవి చెమటో కన్నీళ్లో ఎవరికీ తెలియలేదు. నీలమ్మ తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

"మెడ గుంజుతుందా అక్కా?"

"గుంజుతుంది. గుంజనియ్యి."

నీలమ్మ ఆ మలుపు కథ అటు తర్వాత ఎక్కడా చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు లేకుండా పోయారు, ఎందుకంటే ఆ రోజు జనంలోంచి వివేక్ ఫోన్‌లో తీసిన వీడియో అప్పటికే బస్తీ అంతా చూసేసింది.

వారం తర్వాత మాణిక్యమ్మ మామూలుగా నడవడానికి వజ్రకాయకు వెళ్లింది. మెట్లెక్కగానే ఎదురుగా గోడ నిండా ఆమె ఫొటోనే ఉంది. నెత్తి మీద బోనం, వెనక గుడి గోపురం, కింద పెద్ద అక్షరాలు. వజ్రకాయ తయారుచేసిన శక్తి. నిఖిలేష్ గాజు గదిలోంచి బయటకు వచ్చి, ఆమెకు చేయి కలిపి, వినతి మీద నిర్ణయం కూడా వచ్చిందని చెప్పి ఫోన్ చూపించాడు. తల మీద బరువు మోయగలరనడానికి ఎటువంటి ఆధారమూ లభించనందున సభ్యురాలి వినతి తిరస్కరించడమైనది.

మాణిక్యమ్మ ఫోన్ చదివింది. గోడ చూసింది. "మరి గిదెవరు బిడ్డా?"

"ఆంటీ, అది మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్. ఇది టెక్నికల్."

ఆమె గోడ మీది ఫొటోను మరోసారి చూసి, ట్రెడ్‌మిల్ వైపు నడిచింది. నిఖిలేష్‌కు ఆమె నిరాశపడిందేమోనని బాధేసింది. ఈ రోజే మళ్లీ వినతి పెట్టుకుంటే, వచ్చే ఏడు బోనాలు అయిపోయిన వారంలోగా అనుమతి తప్పకుండా వస్తుందని ధైర్యం చెప్పాడు.